నూటికో రూపాయి: జర్మనీ వైద్యంలో దానం పాత్ర

జర్మనీలో జబ్బుపడ్డ మనిషి ఆసుపత్రి గడప తొక్కే ముందు దాత కోసం వెతుక్కోనక్కర్లేదు. 1883లో బిస్మార్క్ ప్రభుత్వం కార్మికుల కోసం చేసిన ఆరోగ్య బీమా చట్టం క్రమంగా విస్తరించి, ఇవాళ దాదాపు 7.4 కోట్ల మందికి అండగా ఉంది. జీతంలో 14.6 శాతం, దానిమీద ఒక్కో బీమా నిధి వేసుకునే అదనపు వాటా, రెండూ ఉద్యోగీ యజమానీ చెరిసగం కడతారు. కట్టేది సంపాదనను బట్టి, అందే వైద్యం అవసరాన్ని బట్టి. మిగిలినవారిలో చాలామంది ప్రైవేటు బీమాలో ఉన్నారు. 2023లో ఆ దేశం వైద్యం మీద పెట్టిన మొత్తం ఖర్చు సుమారు 50,000 కోట్ల యూరోలు. అదే ఏడాది అక్కడి విరాళాల మండలి వేసిన లెక్క ప్రకారం, భారీ దానాలు, వీలునామాల ఆస్తులు కలపకుండా, ప్రజలు అన్ని రకాల మంచి పనులకూ కలిపి ఇచ్చింది సుమారు 500 కోట్ల యూరోలు. వరద బాధితులకు, జంతు సంరక్షణకు, విదేశాల్లో కరువుకు ఇచ్చినదంతా ఇందులోనే ఉంది. ఆ సొమ్మంతా ఆసుపత్రులకే మళ్లించినా వైద్య ఖర్చులో నూటికి ఒక వంతుకు మించదు.

మరి ఆ ఒక వంతు దేనికి? ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఎందుకంటే జర్మనీలోని దాదాపు 1,900 ఆసుపత్రుల్లో మూడో వంతుకు కాస్త తక్కువ ఇప్పటికీ లాభాపేక్ష లేని సంస్థల చేతుల్లోనే ఉన్నాయి. కాథలిక్కుల కారితాస్, ప్రొటెస్టెంట్ల డియాకోనీ, రెడ్‌క్రాస్, పాత ధర్మనిధులు వాటిని నడుపుతున్నాయి. చుట్టూ వేలాది వృద్ధాశ్రమాలు, ఇంటికి వెళ్లి సేవచేసే నర్సుల కేంద్రాలు, చావుకు దగ్గరైనవారిని చూసుకునే హాస్పిస్‌లు ఉన్నాయి. జర్మనీ అనుభవమంతా పరిశీలిస్తే నాకు తేలేది ఒకటే. అక్కడ దానం వైద్యం బిల్లు కట్టదు. చట్టం ఇంకా చూడని బాధను ముందుగా చూసి, దానికి మందు ఉందని చేసి చూపించి, ఆ పనిని చట్టం చేతికి అందించడమే అది చేసే అసలు పని. ఆ అప్పగింత జరిగిన చోట దానం గొప్పగా గెలిచింది. జరగని చోట అక్కడే ఇరుక్కుపోయి, ప్రభుత్వ బాధ్యతకు ముసుగుగా మారింది.

బీమా లేని కాలంలో లెక్క పూర్తిగా వేరు. వ్యూర్ట్స్‌బుర్గ్‌లో బిషప్ యూలియస్ ఎష్టర్ 1576లో పునాది వేసిన యూలియస్‌ష్పిటాల్ ద్రాక్షతోటల మీద బతికింది. మన దేవాలయాలకు మాన్యాలు రాసిచ్చినట్టు ఆయన ఆసుపత్రికి భూములు రాసిచ్చాడు. సుమారు 180 హెక్టార్ల ఆ తోటల వైన్ అమ్మకం నేటికీ ఆ ధర్మనిధి ఆదాయాల్లో ఒకటి. హాలె పట్టణంలో ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె ఇంట్లో పెట్టిన హుండీలో 1695లో ఒకరు వేసిన నాలుగు టాలర్ల పదహారు గ్రోషెన్‌లతో పేదపిల్లల బడి మొదలైంది. అది 1698 నాటికి పెద్ద అనాథాశ్రమమైంది. ఆశ్రమానికి అనుబంధంగా పెట్టిన మందుల తయారీశాల తన సరుకును దూరదేశాలకు అమ్మి పిల్లల అన్నానికీ చదువుకూ డబ్బు తెచ్చింది. తెలుగువాళ్లకు ఈ హాలె పరాయి ఊరు కాదు. మద్రాసులో తెలుగు నేర్చి వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్ట్‌జె ఆ సంస్థ పంపిన మనిషే. తిరిగి వెళ్లాక 1740లలో అక్కడే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు.

పందొమ్మిదో శతాబ్దంలో దానం డబ్బు రూపం దాటి మనుషుల రూపం తీసుకుంది. ద్యూసెల్‌డోర్ఫ్ దగ్గర కైజర్స్‌వెర్త్‌లో పాస్టర్ తెయొడోర్ ఫ్లీడ్నర్, ఆయన భార్య ఫ్రీడరికె 1836లో మహిళలకు రోగి సేవలో శిక్షణ ఇచ్చే కేంద్రం తెరిచారు. 1851లో ఫ్లోరెన్స్ నైటింగేల్ నేర్చుకోవడానికి వెళ్లింది అక్కడికే. బీలెఫెల్డ్‌లో 1867లో మూర్ఛరోగుల కోసం మొదలైన బేతెల్‌ను 1872 నుంచి పాస్టర్ బోడెల్‌ష్వింగ్ ఒక చిన్న ఊరంతగా పెంచాడు. డబ్బు లేనివాళ్లు ఇంట్లో వాడని వస్తువులు పంపితే చాలని 1890లో మొదలుపెట్టిన పాతసామాను సేకరణ ఇప్పటికీ నడుస్తోంది. మూర్ఛను దెయ్యమనీ శాపమనీ తోసేసిన రోజుల్లో రోగికి పనీ పడకా గౌరవమూ ఇచ్చింది ఈ దాతల డబ్బే. బిస్మార్క్ చట్టం వచ్చేనాటికే ఈ ఇళ్లూ, ఈ నర్సులూ, ఈ అలవాటూ సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడ వైద్యం అందుతుందో దానం చూపించింది. అందరికీ అందాలని చట్టం అన్నది.

1972 నాటి ఆసుపత్రుల ఆర్థిక చట్టం ఈ సంబంధాన్ని స్పష్టంగా రాసిపెట్టింది. కట్టడాలకు, యంత్రాలకు రాష్ట్రాలు డబ్బు ఇవ్వాలి. రోజువారీ వైద్యానికి బీమా నిధులు చెల్లించాలి. ఆసుపత్రి యజమాని చర్చి అయినా, నగరపాలక సంస్థ అయినా, కంపెనీ అయినా ఇదే నియమం. అందుకే చర్చి ఆసుపత్రులు చర్చి పన్నుతో నడుస్తాయని జర్మనీలో కూడా చాలామంది అనుకునే మాట పొరపాటు. ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతంగా వసూలయ్యే ఆ పన్నులో ఆసుపత్రి వైద్యానికి చేరేది అత్యల్పం. డాక్టరు జీతం, ఆపరేషన్ ఖర్చు, మందు, అన్నీ బీమా సొమ్మే. దాతల సొమ్ము చేరేది బీమా పట్టికలో పేరు లేని చోటికి. కేన్సర్ పిల్లల వార్డు పక్కనే తల్లిదండ్రులు ఉండటానికి ఒక ఇల్లు, పిల్లల్ని నవ్వించే విదూషకులు, 1969లో బ్రిగిట్టె ష్రోడర్ మొదలుపెట్టిన ‘ఆకుపచ్చ మహిళల’ సేవ. రోగి పక్కన కూర్చుని మాట్లాడటం, ఉత్తరం రాసిపెట్టడం, బయటి నుంచి కావలసినవి తెచ్చిపెట్టడం వాళ్ల పని. జబ్బు నయం కావడంలో వీటి పాత్రను తక్కువచేసి చూసేవాళ్లు మంచాన పడినవాళ్లను దగ్గరగా చూడలేదనుకోవాలి.

ఇలాంటి ఊరటే దానం మొత్తం పని అయితే ఇంత వ్యాసం అక్కర్లేదు. దాని శక్తి ఎంతో తెలియాలంటే అత్యవసర సేవల చరిత్ర చూడాలి. 1969 మే నెలలో ష్టుట్‌గార్ట్ దగ్గరి ఊళ్లో ఎనిమిదేళ్ల బ్యోర్న్ ష్టైగర్‌ను కారు ఢీకొంది. అంబులెన్స్ రావడానికి గంట దాకా పట్టింది. పిల్లాడు ఆసుపత్రికి చేరే దారిలో చనిపోయాడు. దెబ్బలు ప్రాణం తీసేంతటివి కావు, ఆలస్యమే తీసింది. తల్లిదండ్రులు ఊటె, జీగ్‌ఫ్రీడ్ ష్టైగర్ ఆ జులైలోనే పిల్లాడి పేరిట సంస్థ పెట్టారు. విరాళాలతో రోడ్ల పక్కన వేల సంఖ్యలో అత్యవసర ఫోన్ స్తంభాలు పాతించారు, అంబులెన్స్‌లకు వైర్‌లెస్ పెట్టించారు. 110, 112 అత్యవసర నంబర్లు దేశమంతా పనిచేయాలని కోర్టుకెక్కారు. కేసు ఓడిపోయారు, కానీ దేశం విన్నది. 1973 సెప్టెంబరులో రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఆ నంబర్లను దేశవ్యాప్తం చేయడానికి ఒప్పుకున్నారు. ఇవాళ జర్మనీలో 112 నొక్కే ఎవరూ దాతకు రుణపడి ఉండరు. అది వాళ్ల హక్కు. ఆ సంస్థ అక్కడితో ఆగిపోలేదు. అంబులెన్స్ సేవల నాణ్యత ప్రాంతానికో రకంగా ఉందంటూ 2025లో రాజ్యాంగ న్యాయస్థానం తలుపు తట్టింది. ప్రభుత్వం చేయాల్సిన పనిని విరాళాలతో నడుపుతూ కూర్చోకుండా, ఆ పనిని ప్రభుత్వం చేత చేయించడానికి విరాళాలు వాడటం దానంలో ఉత్తమ రూపమని నా అభిప్రాయం.

హాస్పిస్ కథ ఇంకా లోతైనది. 1974లో డాక్టర్ మిల్‌డ్రెడ్ షేల్ జర్మన్ కేన్సర్ సహాయ సంస్థను బాన్‌లో స్థాపించారు. అప్పటి దేశాధ్యక్షుడు వాల్టర్ షేల్ భార్యగా ఆమెకు ఉన్న పలుకుబడి మొత్తాన్నీ ఈ పనికి వాడారు. ఆ సంస్థ ప్రభుత్వ సొమ్ము తీసుకోదు. సామాన్యులు వీలునామాల్లో రాసిన ఆస్తులే దానికి పెద్ద ఆధారం. నయం కాని కేన్సర్ రోగికి వైద్యం చేయాల్సినదేమీ లేదని ఆసుపత్రులు ఇంటికి పంపేస్తున్న కాలంలో, 1983లో, కొలోన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఐదు పడకలతో జర్మనీ మొదటి పాలియేటివ్ (నొప్పి ఉపశమన) వార్డు ఈ డబ్బుతో తెరుచుకుంది. నొప్పిని తగ్గించడం కూడా వైద్యమేనని అక్కడ రుజువైంది. 1986లో ఆహెన్‌లో హౌస్ హోర్న్, మరుసటేడు రెక్లింగ్‌హౌజెన్‌లో ఇంకొకటి, 1998లో ఓల్పెలో పిల్లల కోసం మొదటి హాస్పిస్ వచ్చాయి. అన్నిటి వెనకా పారిష్‌లు, సంఘాలు, వేలమంది వలంటీర్లు. ఇరవై ఏళ్లు దాతలు మోసిన ఆ బరువును చట్టం అంచెలంచెలుగా ఎత్తుకుంది. 2007లో ఇంటి దగ్గర ప్రత్యేక పాలియేటివ్ సేవ బీమాదారుడి హక్కయింది. 2015 నాటి హాస్పిస్ చట్టం తర్వాత హాస్పిస్ ఖర్చులో 95 శాతం ఆరోగ్య, సంరక్షణ బీమాలు భరిస్తున్నాయి. రోగి పైసా కట్టడు.

మిగిలిన ఐదు శాతం? దాన్ని హాస్పిస్ విరాళాలతో తెచ్చుకోవాలని చట్టమే అంటుంది. చూడగానే ఇది పిసినారితనంలా కనిపిస్తుంది. చావుకు దగ్గరైనవారిని చూసుకునే ఇంటిని ఏటా చేయి చాపమనడం ఏం న్యాయమని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. సంపన్న నగరంలోని హాస్పిస్‌కు ఆ సొమ్ము సులువుగా దొరుకుతుంది, పేద జిల్లాలో దొరకదు. కానీ నూటికి నూరు శాతం ఇవ్వొద్దని అడిగింది హాస్పిస్ ఉద్యమమే. పూర్తి ఖర్చు బీమా భరిస్తే హాస్పిస్ ఇంకో ఆసుపత్రి విభాగమైపోతుందనీ, ఊరివాళ్లకు దానితో సంబంధం తెగిపోతుందనీ వాళ్ల వాదన. ఐదు శాతం కోసం ఊళ్లో సంగీత కచేరీ పెట్టాలి, అంగళ్లలో డబ్బాలు పెట్టాలి, చనిపోయినవారి కుటుంబాలు పూలదండలకు బదులు విరాళమివ్వమని కోరాలి. ఆ క్రమంలోనే చావు గురించి మాట్లాడటం ఊరికి అలవాటవుతుంది, కొత్త వలంటీర్లు దొరుకుతారు. నేను ఈ వాదన వైపే మొగ్గుతాను. అయితే పేద ప్రాంతాల హాస్పిస్‌లకు ఆ ఐదు శాతంలో లోటు పూడ్చే ఉమ్మడి నిధి ఉండితీరాలని కూడా అంటాను. వలంటీరు తెచ్చే సమయానికి బీమాలో ధర లేదు. ఇంటి అద్దెకూ కరెంటు బిల్లుకూ మాత్రం ధర ఉంది, వాటిని ఊరి అదృష్టానికి వదలకూడదు.

దాత ఇష్టం మీద ఆధారపడే వ్యవస్థ న్యాయంగా ఉండదన్నది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. ముద్దులొలికే పిల్లాడి ఫొటో విరాళాలు తెస్తుంది, స్కిజోఫ్రీనియాతో మాట తడబడే నడివయసు మనిషి ఫొటో తేదు. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల పిల్లలు అవయవలోపాలతో పుట్టిన విషాదం తర్వాత 1964లో టీవీ చానల్ జెడ్‌డీఎఫ్ అండతో మొదలైన లాటరీ సంస్థ పేరులోనే వికలాంగుల్ని ‘దిగులు పిల్లలు’గా చూసే జాలి ఉండేది. ఆ జాలిని వికలాంగులే నిలదీశారు. 2000లో సంస్థ పేరు మార్చుకుని ఆక్‌త్సియోన్ మెన్ష్ అయింది. ఇంతకంటే చీకటి పాఠమూ జర్మనీ చరిత్రలో ఉంది. నాజీలు 1933 నుంచి ‘చలికాల సహాయం’ పేరిట ఇంటింటికీ తిరిగి విరాళాలు గుంజారు. ఇవ్వనివాడు అనుమానితుడయ్యాడు. ఆ సహాయం ఎవరికి దక్కాలో జాతిని బట్టి నిర్ణయించారు. ధర్మసంస్థలు కూడా ఆ కాలంలో మచ్చ లేకుండా బయటపడలేదు. బేతెల్ తన రోగుల్ని, వికలాంగులనూ మానసిక రోగులనూ చంపే నాజీ హత్యా పథకం నుంచి కాపాడటానికి పోరాడింది, అదే బేతెల్‌లో బలవంతపు కుటుంబనియంత్రణ ఆపరేషన్లూ జరిగాయి. మంచి మనసు ఒక్కటే రోగికి రక్షణ కాదన్నది దీని అర్థం. అందుకే దానం తుది గమ్యం కాకూడదని నేను పట్టుబడుతున్నాను. దాత జాలిపడేది కొందరి మీదే. చట్టం ఆ జాలిని అందరి హక్కుగా విస్తరించగలదు, న్యాయస్థానం దాన్ని కాపాడగలదు.

అప్పగింత జరగని చోట ఏమవుతుందో బీమా లేనివారి వైద్యం చూస్తే తెలుస్తుంది. 2009 నుంచి జర్మనీలో అందరికీ బీమా తప్పనిసరి. అయినా ప్రభుత్వ గణాంక శాఖ లెక్కలో 2019లో 61,000 మందికి, 2023లో 72,000 మందికి బీమా లేదు. పత్రాలు లేని వలసదారులు, నిలువ నీడలేనివారు చాలామంది ఆ లెక్కకే అందరు. 2001లో బెర్లిన్‌లో మాల్టీజర్ సంస్థ వీరికోసం ఉచిత క్లినిక్ తెరిచింది. మైంట్స్‌లో డాక్టర్ గేర్‌హార్డ్ త్రాబెర్ట్ వ్యాన్‌లో మందులు పెట్టుకుని వీధుల్లో వైద్యం చేస్తున్నారు. 1997లో ఆయన స్థాపించిన సంఘం విరాళాలతో నడుస్తోంది. ఈ డాక్టర్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఇన్నేళ్లయినా ఈ క్లినిక్‌లు ఉండాల్సి రావడమే దేశం ఓటమి. పత్రాలు లేని మనిషి వైద్యం ఖర్చు కోసం సంక్షేమ కార్యాలయానికి వెళితే, ఆ కార్యాలయం అతని సంగతి విదేశీయుల శాఖకు చేరవేయాలన్న నిబంధన ఇంకా ఉంది. అది ఉన్నంతకాలం భయంతో జనం జబ్బు ముదిరేదాకా దాక్కుంటారు. ఒక చట్టసవరణతో తీరే బాధను విరాళాలతో నెట్టుకురావడం చూసి, ‘ఎలాగూ ఎవరో ఒకరు చూస్తున్నారుగా’ అని పాలకులు ఊపిరి పీల్చుకునే ప్రమాదం ఉంది. ఆ వలంటీర్ డాక్టర్లే ఈ మాట అందరికంటే గట్టిగా చెబుతున్నారు.

ఇంకో వైపు నుంచి వచ్చే విమర్శ చర్చి సంస్థల అధికారం గురించి. ఖర్చు బీమాది, నియమాలు చర్చివి ఎందుకుండాలి అని. ద్యూసెల్‌డోర్ఫ్‌లోని ఒక కాథలిక్ ఆసుపత్రి విడాకుల తర్వాత మళ్లీ పెళ్లిచేసుకున్న పెద్ద డాక్టరును ఉద్యోగం నుంచి తీసేసింది. ఏళ్లపాటు సాగిన కేసులో 2018లో యూరోపియన్ న్యాయస్థానం, 2019లో జర్మనీ కార్మిక అత్యున్నత న్యాయస్థానం ఆయన పక్షాన నిలిచాయి. ఆ తీర్పు సరైనదే. ప్రజలందరి బీమా సొమ్ముతో నడిచే చోట ఉద్యోగి ఇంటి విషయాల మీద పెత్తనం చెల్లదు. అంతమాత్రాన ఈ సంస్థలన్నిటినీ ప్రభుత్వమో కంపెనీలో తీసుకోవాలన్న వాదనతో నేను ఏకీభవించను. మిగులు సొమ్మును వాటాదారుడికి పంచక్కర్లేని ఆసుపత్రి, ప్రసూతి వార్డులాంటి నష్టాల విభాగాన్ని కొన్నాళ్లైనా మోయగలదు. ఆ కొన్నాళ్లు ఊరికి విలువైనవి.

అయితే ఆ ఓపికకూ హద్దుంది. 2004 నుంచి జబ్బుకింత అని కట్టే రేటు పద్ధతి, ధరల పెరుగుదల, కట్టడాలకు రాష్ట్రాలు ఇవ్వాల్సినదాంట్లో సగమే ఇస్తున్నాయని ఆసుపత్రుల సంఘం మొత్తుకోవడం, వీటన్నిటి మధ్య లాభాపేక్ష లేని ఆసుపత్రులు కూడా దివాలా పిటిషన్లు వేస్తున్నాయి. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన సంస్కరణ చట్టం పదేళ్లలో 5,000 కోట్ల యూరోల పరివర్తన నిధి ఏర్పాటుచేసింది. ఇలాంటి లోటు పూడ్చమని దాతను అడగడం తప్పు. దాత డబ్బు ఆ గోతిలో పడితే కనిపించకుండా పోతుంది. దాతల చూపు హాంబుర్గ్‌లోని ఫెడ్డెల్ పేటలాంటి చోట్ల పడాలి. 2017 నుంచి అక్కడి పాలిక్లినిక్‌లో డాక్టరు, సామాజిక కార్యకర్త, మానసిక సలహాదారు ఒకే కప్పు కింద కూర్చుని, దగ్గుతో వచ్చిన మనిషి గోడకు పట్టిన బూజు గురించి కూడా అడుగుతారు. ఇంటి అద్దె గొడవ, అప్పు, ఒంటరితనం, ఇవేవీ బీమా రేట్ల పట్టికలో లేవు. రాబర్ట్ బోష్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఇలాంటి ప్రాథమిక వైద్యకేంద్రాలకు దేశంలో పలుచోట్ల ఊతమిచ్చాయి. కోటీశ్వరుల ఫౌండేషన్ ప్రజావైద్యం దిశను నిర్ణయించడం ప్రమాదమే కదా అంటే, నిజమే, అది తుది మాట చెప్పే స్థానంలో ఉంటే ప్రమాదమే. ప్రయోగానికి డబ్బిచ్చి, ఫలితాల్ని బహిరంగంగా పెట్టి, నిర్ణయాన్ని పార్లమెంటుకు వదిలితే భయం లేదు.

తెలుగునాట పరిస్థితి వేరు. దేశం మొత్తం వైద్య ఖర్చులో ప్రజలు జేబులోంచి పెట్టేది 2021-22 జాతీయ లెక్కల్లో కూడా 39 శాతం దాకా ఉంది. అందుకే మన దగ్గర దానం ఇంకా బిల్లు కడుతోంది. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, బసవతారకం కేన్సర్ ఆసుపత్రి, తిరుపతి దేవస్థానం ఆసుపత్రులు లక్షలమందికి చేసిన మేలు చిన్నది కాదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆ బిల్లులో పెద్ద భాగాన్ని ప్రభుత్వానికి అప్పగించింది. ఇక దాతలు ముందుకు జరగాల్సిన సమయం వచ్చింది. దారి ఎలా ఉంటుందో హైదరాబాద్‌లోనే కనిపిస్తోంది. ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రితో కలిసి ఒక స్వచ్ఛంద సంస్థ సాగించిన నొప్పి నివారణ సేవను తెలంగాణ ప్రభుత్వం చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లా కేంద్రాలకు విస్తరించింది. కొలోన్‌లో ఐదు పడకలతో జరిగింది ఇదే.

విదేశాల్లో ఉన్న తెలుగు సంఘాలకు, ఊళ్లో ఆసుపత్రి గది మీద తల్లిదండ్రుల పేరు చెక్కించాలనుకునే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇది. చెక్కు రాసే ముందు ఒక ప్రశ్న అడగండి: నేను ఈరోజు మొదలుపెడుతున్న ఈ పని పదేళ్ల తర్వాత ఎవరి బడ్జెట్‌లో ఉండాలి? జవాబు ‘ప్రభుత్వానిది’ అయితే, విరాళంలో కొంత భాగాన్ని లెక్కలు రాయడానికి, ఫలితాలు ప్రచురించడానికి, ఆ పని చేపట్టమని ప్రభుత్వాన్ని వదలకుండా అడగడానికి కూడా కేటాయించండి.